పసుపు ట్యాగ్

మా బావ లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టు ఆగిపోతే ముందు ఆయనకే ఫోన్ వెళ్తుంది. తోటి మెకానిక్కులు ఆయన్ని "ఆగండిగారు" అంటారు. ఎవరైనా ముందూ వెనకా చూసుకోకుండా లిఫ్టులోకి దూరబోతే ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. చాలా రోజుల్లో చివరి మాట కూడా అదే. చెడ్డవాడు కాదు. పలకరిస్తే నవ్వుతాడు, అడిగితే తల ఊపుతాడు. అంతకు మించి రాబట్టాలంటే మాత్రం పట్టకారు కావాలి.

నాకలా కాదు. మాట్లాడకపోతే నాకు తిన్నది అరగదు. ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే పార్లర్ నడుపుతాను. దాని పైన రెండు గదుల్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కదాన్నే. రెండు బస్సు స్టాపుల అవతల అక్కాబావల ఇల్లు. అక్క ఒక కర్టెన్ల కొట్టులో కుట్టుపని చేస్తుంది. వాళ్ళకి పిల్లల్లేరు. దాని గురించి వాళ్ళే బాధపడటం మానేశారు కాబట్టి నేనూ ఎత్తను.

ఒక్క విషయం ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతదంతా అర్థం కాదు. బయట ఉలుకూ పలుకూ లేని బావ అక్క దగ్గర మాత్రం ఇంటి కప్పు లేచిపోయేలా అరిచేవాడు. అక్క ఏమన్నా తక్కువ తిందా? కిటికీ తెరవాలా మూయాలా, తడి తువ్వాలు కుర్చీ మీద వేసిందెవరు, బయల్దేరేటప్పుడు తాళం రెండుసార్లు లాగి చూడాలా మూడుసార్లా. "నీతో వేగలేక చస్తున్నాను" అని ఈయన, "మీరు చావడమేంటి, నేనెప్పుడో చచ్చాను" అని ఆవిడ. వాళ్ళ పెళ్ళైన కొత్తలో నేను హడలిపోయి మధ్యలోకి వెళ్ళేదాన్ని. ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్ళు. "నీకెందుకే మధ్యలో?" అనేది అక్క.

అరిచి అరిచి అలిసిపోయాక బావ లేచి టీ పెట్టేవాడు. గెలిచినా ఆయనే పెట్టాలి, ఓడినా ఆయనే పెట్టాలి. అక్కకి చక్కెర లేకుండా, అల్లం కాస్త ఎక్కువ దంచి. ఆ కప్పు ఆవిడ అందుకుందంటే పోట్లాట అయిపోయినట్టే. తప్పయిపోయిందన్న మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. వంటింట్లో అల్లం దంచుతున్న చప్పుడే విన్నాను.

అలాంటి ఇంట్లోకి కుక్క వచ్చింది.

లిఫ్టు అడుగున, నేల కంటే కిందికి ఒక గుంత ఉంటుంది. ఒక పాత మేడలో ఆ గుంతలోంచి మూలుగు వినిపిస్తోందంటే బావ దిగి చూశాడట. మూలన గ్రీజులో ముద్దలా పడి ఉందిట ఇది. ఎప్పుడు పడిందో, ఎన్నాళ్ళుగా అక్కడుందో ఎవరికీ తెలియదు. లిఫ్టు కిందికి వచ్చినప్పుడల్లా ఆ ఇనుమంతా దాని నెత్తి మీదికి వచ్చి ఆగేదన్నమాట. బావ దాన్ని పనిముట్ల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. "ఏంటీ బొగ్గు మూట?" అంది అక్క. మళ్ళీ మళ్ళీ స్నానం చేయిస్తే లోపల్నించి బిస్కెట్ రంగు బయటపడింది. ఈలోగా బొగ్గు అన్న పేరు అతుక్కుపోయింది.

"ఇది ఈ ఇంట్లో ఉండదు, చెప్తున్నా!" అని అక్క. "ఉంటుంది!" అని బావ. "అయితే నేనుండను!" "వెళ్ళు, ఎవరు పట్టుకున్నారు?" ఇది మామూలే అనుకుని నేను పత్రిక తిరగేస్తున్నాను. ఆ అరుపుల మధ్యలో కుక్క గజగజ వణికి, వాంతి చేసుకుని, నిలబడ్డ చోటే కాళ్ళు మడుచుకుని పడిపోయింది. దాన్ని చేతుల్లోకి తీసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది అక్కే.

రక్తపరీక్ష చేయించాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "మనకి భయం వేస్తే తట్టుకోవడానికి ఒంట్లో ఒక మందు తయారవుతుంది. మూత్రపిండాల దగ్గర చిన్న గ్రంథులుంటాయి, అవి చేస్తాయి ఆ పని. దీనికి అవి పాడైపోయాయి. ఇక బాగుపడవు."

"మందు లేదా అమ్మా?" అంది అక్క.

"నయం చేసే మందు లేదు. లోటు పూడ్చే మాత్రలున్నాయి. రోజూ పొద్దున పెద్దదొకటి, చిన్నదొకటి. బతికినన్నాళ్ళూ వెయ్యాలి. వరసగా కొన్ని రోజులు మానేశారంటే కుక్క దక్కదు. ఇక ప్రయాణమో, ఇంటికి చుట్టాలు రావడమో, దానికి బెదురు పుట్టే రోజు ఉంటుందనుకోండి, ఆ రోజు చిన్న మాత్ర అర ముక్క ఎక్కువ వెయ్యండి." డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఇంట్లో అరుపులూ గొడవలూ ఉంటాయా?"

అక్క బావ వైపు చూసింది. బావ గోడ మీది పిల్లి బొమ్మ వైపు చూశాడు.

"ఉంటే తగ్గించుకోండి. మీకది మామూలు. దానికి ప్రాణం మీదికి వస్తుంది."

ఇంటికి వచ్చి ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నట్టు నోళ్ళు కట్టేసుకున్నారు. మొదట్లో గుసగుసల్లో పోట్లాడుకునేవాళ్ళు. ఎర్రబడ్డ ముఖాలతో, మెడ నరాలు ఉబ్బించుకుని, ఒకరి చెవిలో ఒకరు తిట్టుకుంటుంటే నాకు నవ్వాగేది కాదు. కుక్క మాత్రం నవ్వలేదు. గుసగుసైనా సరే, వచ్చి ఇద్దరి కాళ్ళ మధ్య నిలబడి వణికేది. దాంతో అదీ మానేశారు.

పోట్లాట ఆగితే మామూలు మాటలు మిగులుతాయనుకున్నాను. ఏం మిగల్లేదు. వాళ్ళ మాటలన్నీ పోట్లాటలోంచే పుట్టేవని అప్పటిదాకా వాళ్ళకీ తెలియదు. కిటికీ తెరవమంటే గొడవవుతుందేమోనని ఉక్కలో కూర్చునేది అక్క. తువ్వాలు ఎక్కడుందని అడిగితే గొడవవుతుందేమోనని చొక్కాతో ముఖం తుడుచుకునేవాడు బావ. పోట్లాట లేదు కాబట్టి దాని తర్వాతి టీ కూడా లేదు. కొన్ని రోజులు ఆయన తెల్లారకముందే పనికి లేవాల్సి వచ్చేది కాబట్టి ముందు గదిలోకి పక్క మార్చుకున్నాడు. కాలింగ్ బెల్ తీగ కత్తిరించేశాడు. కుర్చీ కాళ్ళకి అక్క గుడ్డపీలికలు చుట్టింది. కుక్కర్ కూత పెడుతుందని దాన్ని అటక మీద పెట్టేసి గిన్నెలో వండేది. నేను వెళ్తే తలుపు తీసి, వేలు పెదవుల మీద పెట్టుకుని లోపలికి పిలిచేది. నా గొంతేమో నాకు పుట్టుకతో వచ్చింది, దాన్నేం చేసుకోను? ఆ ఇంటికి వెళ్ళడమే తగ్గించేశాను.

నిజం చెప్పాలంటే నాకు ఆ కుక్క మీద ఒళ్ళు మండేది. కానీ అదేం చేసింది? ఒళ్ళు నిగనిగలాడుతూ, తోక ఊపుకుంటూ, ఆ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ప్రాణి అదొక్కటే.

ఇక ట్యాగ్ సంగతి. లిఫ్టు పనివాళ్ళకి ఒక కట్టుబాటుంది. మెకానిక్కు గుంతలోకి దిగే ముందు మెయిన్ స్విచ్ ఆపేసి దానికి తన ట్యాగ్ తగిలిస్తాడు. ప్లాస్టిక్ బిళ్ళ, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. అది వేలాడుతున్నంతసేపూ ఆ స్విచ్ జోలికి ఎవరూ పోకూడదు. తగిలించినవాడే వచ్చి తీయాలి. లోపల మనిషి ఉన్నాడో లేడో బయటివాడికి తెలియదు కదా. బావ కుర్రతనంలో ఎవరో తొందరపడి ఇంకొకతని ట్యాగ్ తీసేశారట. ఆ ఇంకొకతను ఇప్పుడు ఎడమచేత్తో తింటాడు.

అందుకని ట్యాగ్ అంటే బావకి చచ్చేంత పట్టింపు. ఒకసారి తోటి మెకానిక్కు తన ట్యాగ్ తీయడం మర్చిపోయి భోజనానికి ఇంటికి వెళ్ళిపోయాడట. ఏడంతస్తుల మేడ. జనం మెట్లెక్కలేక గోల. మేడ సెక్రెటరీ వచ్చి ఊగిపోయాడు.

"లోపల ఎవరూ లేరయ్యా, నేను చూశాను!"

"ఆయన ట్యాగ్ ఉందండి," అన్నాడు బావ.

"ఆయన ఇంట్లో కూర్చుని తింటున్నాడయ్యా!"

"తిని వస్తాడండి."

అతను తిని వచ్చేదాకా బావ ఆ స్విచ్ పక్కన నిలబడే ఉన్నాడు. బిళ్ళని ముట్టుకోలేదు.

ఆ పద్ధతే ఇంటికీ తెచ్చాడు. బావ డ్యూటీకి వేళాపాళా లేదు. పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళు కుక్కకి మాత్రలు వేసేవాళ్ళు. రెండోవాళ్ళు మళ్ళీ వేయకుండా ఒకప్పుడు "వేశావా?" "వేశాను" అని ఒక మాట నడిచేది. ఆ మాట కూడా బరువైపోయినట్టుంది. ఫ్రిజ్ తలుపుకి ఒక కొక్కెం బిగించి, రెండు ట్యాగులు తెచ్చాడు. ఎర్రది ఆయనది, పసుపుది అక్కది. మాత్రలు వేసినవాళ్ళు తమ ట్యాగ్ తగిలించాలి. అది కనిపిస్తే రెండోవాళ్ళు వేయకూడదు. పడుకోబోయే ముందు ఎవరిది వాళ్ళే తీసేయాలి. అంతే, ఇక అడిగే పనే లేదు.

నాకు ఒళ్ళు మండి అడిగాను. "ఏంటి బావా, ఇంట్లో కూడా డ్యూటీయేనా? నోరుంది కదా, అడగొచ్చు కదా?"

"ఇదైతే తప్పు జరగదు," అన్నాడు.

మొన్నటి వానాకాలంలో అమ్మ పోయింది. నా గదిలోనే, నిద్రలోనే పోయింది. ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను నేను. అక్క వచ్చి చేయాల్సినవన్నీ చేసింది, వచ్చినవాళ్ళని పలకరించింది, అమ్మ బట్టలు మడతపెట్టింది. కన్ను తడవలేదు. జనంలో ఏడవలేకపోయిందేమో, ఇంటికి వెళ్ళి ఏడుస్తుందనుకున్నాను. ఇంట్లోనూ ఏడవలేదు. ఇంట్లో కుక్కుంది కదా. బావ కూడా అక్కని ఒక్క మాట అడగలేదు. ఎలా ఉన్నావనైనా అడగలేదు. నాకు అది కడుపులో అలాగే ఉండిపోయింది. ఇద్దరు మనుషులు కట్టెల్లా తిరుగుతున్నారు ఆ ఇంట్లో, చూస్తే ఏడుపు కూడా రాదు.

తర్వాత నేను పార్లర్లో తడి నేల మీద కాలు జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఫోన్ వెళ్ళేసరికి అక్క పొద్దున్నే కుక్కకి మాత్రలు వేసి, ట్యాగ్ తగిలించి, పనికి బయల్దేరుతోంది. అటు నుంచి అటే ఆసుపత్రికి వచ్చింది. సాయంత్రం వెళ్ళిపోదామనుకుంది కానీ నేను వెళ్ళనిస్తే కదా. జడ వేసుకోవడానికి రాదు, గుండీ పెట్టుకోవడానికి రాదు, అమ్మ లేదు. బావకి నేనే ఫోన్ చేశాను.

"బావా, నా చెయ్యి కాస్త కుదుటపడేదాకా అక్క ఇక్కడే ఉంటుంది."

"సరే."

"అక్కకి ఇవ్వనా ఫోన్?"

"జాగ్రత్తగా ఉండమను," అన్నాడు.

"ఎవర్ని? నన్నా, అక్కనా?" అనేసరికి పెట్టేశాడు.

అక్క అమ్మ మంచం మీద పడుకునేది. పొద్దున లేచి నాకు జడ వేసి, వండి పెట్టి, కొట్టుకి వెళ్ళి, సాయంత్రం వచ్చి నా పాత కర్టెన్లు విప్పి కొత్త అంచులు కుట్టేది. ఇంటి ఊసెత్తేది కాదు. ఫోన్ మాత్రం పక్కనే పెట్టుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను, "అక్కా, ఇక్కడ కుక్క లేదు. అమ్మ మంచం మీదే ఉన్నావు. ఒక్కసారి గట్టిగా ఏడవ్వే."

సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, "ఇప్పుడు రావట్లేదే," అంది.

"పోనీ బావకి ఫోన్ చెయ్యి."

"అవసరముంటే ఆయనే చేస్తారు."

ఆయన చేశాడు. మధ్యాహ్నం, అక్కకి సెలవు రోజు. చేసింది నాకు. ఎడమచేత్తో పట్టుకోలేక స్పీకర్లో పెట్టాను. కుక్కల మొరుగుడు, ఎవరో ఏదో అడుగుతున్న గొంతు.

"మీ అక్కని ఒక మాట అడుగు," అన్నాడు బావ.

"ఏమని?"

"ఇవాళ బొగ్గుకి మాత్రలు ఎన్ని గంటలకి వేసిందని. డాక్టరమ్మ అడుగుతోంది. అది లేవట్లేదు."

అక్క నా ఎదురుగానే ఉంది. చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. "నేనెక్కడ వేశాను?" అంది. నాతోనే అంది, ఫోన్‌తో కాదు. "నేనిక్కడే ఉన్నాను కదే? ఆయన కదా వేస్తున్నది?"

"ట్యాగ్ ఉంది," అన్నాడు బావ. "పసుపుది. రోజూ ఉంది."

అక్క చేతిలో గుడ్డ కింద పెట్టింది.

"ఆ రోజు తగిలించి వచ్చేశాను," అంది. "తీయలేదు. అది అప్పటిది."

బావ గొంతు వచ్చింది. ఈసారి నా ద్వారా కాదు, నేరుగా అక్కతోనే. "నేను పనిలో ఉన్నప్పుడు నువ్వు వచ్చి వేసి వెళ్తున్నావనుకున్నాను," అన్నాడు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి కుక్క బల్ల మీద పడి ఉంది. ముందుకాలికి సెలైన్ సూది, చిగుళ్ళు పాలిపోయాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవర్నీ చూడటం లేదు. అక్క చెవి పట్టుకుని చూసి, "చల్లగా ఉంది," అంది. బావ బల్లకి అవతల నిలబడ్డాడు. చొక్కా నిండా వాంతి. మనిషి గుంతలోంచి అప్పుడే పైకి వచ్చినట్టున్నాడు.

డాక్టరమ్మకి కోపం ఆగలేదు. "ఇన్ని రోజులు మాత్ర పడకపోతే ఎలా తెలియలేదండీ మీకు? డబ్బాలో మాత్రలు తగ్గుతున్నాయో లేదో చూసుకోరా? అది తినడం మానేస్తే ఏమనుకున్నారు?"

"ఈవిడ లేదని బెంగ పెట్టుకుందనుకున్నాను," అన్నాడు బావ.

"బతికేదీ లేనిదీ సాయంత్రానికి తెలుస్తుంది. దానికి అలవాటున్న దుప్పటేదైనా తెండి. తెలిసిన వాసనుంటే కాస్త నెమ్మదిస్తుంది."

అక్కా నేనూ ఆటోలో ఇంటికి వెళ్ళాం. వెనక తలుపు పై గడియ తీసే ఉంది. అక్క దగ్గరున్న తాళంచెవితో తెరుచుకునేలా తాళం ఒక్కటే వేసి ఉంది. వంటింట్లోకి వెళ్ళగానే నాకు ముందు కనిపించింది ఆ బిళ్ళ. పసుపురంగుది, ఫ్రిజ్ కొక్కేనికి, అక్క వదిలి వచ్చినట్టే. పక్కన బల్ల మీద ఫ్లాస్కు ఉంది. దాని పక్కన సాసరు మీద ఒక కప్పు బోర్లించి ఉంది. అక్క కప్పు అది, నీలం అంచుది.

అక్క ఫ్లాస్కు మూత తిప్పింది. ఆవిరి కాస్త వచ్చింది. కప్పులో పోసి ఒక గుక్క తాగింది.

"అల్లం," అంది. "చక్కెర లేదు."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ఈ మనిషి రోజూ పొద్దున పనికి వెళ్తూ, పగలు అక్క వస్తుందని టీ చేసి ఫ్లాస్కులో పోసి, కప్పు పెట్టి, గడియ తీసి వెళ్తున్నాడు. సాయంత్రం వచ్చి నిండుగా ఉన్న ఫ్లాస్కు సింకులో ఒంపుకుంటున్నాడు. ఏమని సర్దిచెప్పుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. రాత్రి కూడా తీయని బిళ్ళ, నిండుగా ఉన్న ఫ్లాస్కు చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది ఎవరూ రాలేదని. ఈయనకి ట్యాగ్ కనిపించింది, ఫ్లాస్కు కనిపించలేదు.

అక్క నిలబడే కప్పు ఖాళీ చేసింది. మళ్ళీ పోసుకుని అదీ తాగింది. ఫ్లాస్కు అడుగంటేదాకా తాగి, కప్పు కడిగి బోర్లించింది. పసుపు ట్యాగ్ తీసి చేతిసంచిలో వేసుకుంది. "పద," అంది. దుప్పటి నేను తీసుకున్నాను, ఆవిడ మర్చిపోయింది.

ఆసుపత్రి మెట్ల మీద బావ కూర్చుని ఉన్నాడు. అక్క ఆయన ముందు నిలబడింది. అలవాటు కొద్దీ గుసగుసగానే మొదలుపెట్టింది. "మాత్రలు లెక్క చూసుకోవచ్చు కదా?"

"చూడలేదు," అన్నాడు బావ నేల చూస్తూ.

"ఎందుకు చూడలేదు?"

"చూస్తే తెలిసిపోతుంది కదా."

"ఏం తెలిసిపోతుంది?"

"నువ్వు రావట్లేదని."

అక్క గొంతు ఎప్పుడు లేచిందో నేను చెప్పలేను. పక్కన మందుల కొట్టతను బయటికి వచ్చి చూశాడు. "ఫోన్ చేస్తే పోయేదేముంది? రెండు స్టాపులండీ! రెండు స్టాపులు! ట్యాగ్‌ని అడిగారు కానీ నన్నడిగారా? మా అమ్మ పోతే అడిగారా? ఎలా ఉన్నావని ఒక్క మాట! ఊళ్ళోవాళ్ళంతా అడిగారు, పాలవాడు అడిగాడు, మీరు అడిగారా?"

బావ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు నేను ఎన్నాళ్ళయిందో విని. "అడిగితే నువ్వు ఏడుస్తావు!" అని అరిచాడు. "నువ్వు ఏడిస్తే అది పడిపోతుంది! అది పడిపోతే మళ్ళీ నువ్వు ఏడుస్తావు! నేనేం చేయాలి? ఎవర్ని చూసుకోవాలి? చెప్పు, నువ్వే చెప్పు!"

"నన్ను!" అంది అక్క. "నన్ను చూసుకోవాలి!"

ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. అమ్మని పిలుచుకుంటూ ఏడ్చింది, వానాకాలం నుంచి ఉన్నదంతా ఏడ్చింది. బావ పక్కన కూర్చున్నాడు కానీ ఎక్కడ చెయ్యి వేయాలో తెలియక తన మోకాళ్ళ మీదే పెట్టుకున్నాడు. మామూలప్పుడైతే ఆయన్ని నాలుగు దులిపేదాన్నే. ఆ రోజు దుప్పటి లోపల ఇచ్చి వచ్చి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన, "టీ తెస్తాను, ఉండు," అన్నాడు.

"తాగాను," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్లో పెట్టింది తాగే వచ్చాను."

సాయంత్రం డాక్టరమ్మ బయటికి వచ్చి, ఇప్పటికి గండం గడిచిందని చెప్పింది. దుప్పటి వాసన చూసి తోక కదిలించిందట. ఇంకెప్పుడూ ఇలా చేయొద్దని మళ్ళీ తిట్టింది. ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు.

కథ అక్కడితో సుఖాంతం అనుకునేరు. అదేం లేదు. కుక్క జబ్బు కుక్కకే ఉంది, అది పోయేది కాదు. ఇల్లు కూడా అలాగే ఉంది. కుర్చీ కాళ్ళకి గుడ్డపీలికలు, అటక మీద కుక్కరు. మూగబోయిన ఇల్లు ఒక్క అరుపుతో మాట్లాడేస్తుందా? కొక్కెం మాత్రం ఖాళీగా ఉంది. పొద్దున "వేశావా?" "వేశాను" అంటున్నారట. అంతకు మించి ఏమీ అనుకోవడం లేదట. అక్కే చెప్పింది.

నా చేతికి కట్టు విప్పాక ఒక పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. వేలు పెదవుల మీద పెట్టుకునే తలుపు తీసింది అక్క. వంటింట్లో బావ కుక్కకి మాత్రలు వేయబోతున్నాడు. బొగ్గు ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని నోరు తెరుచుకుని చూస్తోంది. అక్క గడప దగ్గర ఆగింది. కిటికీ మూసి ఉంది, కుర్చీ మీద తడి తువ్వాలుంది. రెండింటినీ ఒకసారి చూసింది.

"ఏవండీ," అంది మెల్లగా. "ఇవాళ చిన్న మాత్ర అర ముక్క ఎక్కువ వెయ్యండి."

బావ తలెత్తాడు. "ఎందుకు? ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావట్లేదు. సాయంత్రం మీతో మాట్లాడాలి."

బావ చాకు తీసుకుని, మాత్రని చెక్కపలక మీద పెట్టి, రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క అరచేతిలోకి తీసుకుని, అక్క ముఖంలోకి చూశాడు.

"అర సరిపోతుందా?" అన్నాడు.

అక్క ఆలోచించింది. "ముందు అర వెయ్యండి," అంది.